మిషన్ గది తాళం తీసి చూపించమనండి

"చెల్లె బైపీసీ అయిపోయింది, రేడియాలజీలో చేర్పిద్దామనుకుంటున్నాం, మంచి కాలేజీ ఏది?" అని అడిగారు. కాలేజీ పేరు నేను చెప్పను. నల్లగొండలో పదిహేడేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నా, నాకు తెలిసింది చెప్తా.

ముందు ఒకటి తేల్చుకోండి. రిపోర్టు రాసే డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ. మిషన్ దగ్గర నిలబడే మా పనికైతే రెండేళ్ల డిప్లొమా గానీ బీఎస్సీ గానీ. ఈ తేడా తెలియకుండానే చేరి, ట్రైనింగ్‌కు వచ్చాక "అన్నా, కడుపు స్కానింగ్ ఎప్పుడు నేర్పిస్తవ్" అని అడిగే పిల్లలు ఏటా ఉంటారు. అది డాక్టర్ల పని, గర్భిణుల స్కానింగ్ మీద 1994 నుంచి చట్టమే ఉంది.

నేను చదివిన చోట మిషన్ గదికి ఎప్పుడూ తాళమే. రెండేళ్లలో రెండుసార్లు తెరిచారు, అందులో ఒకసారి ఇన్‌స్పెక్షన్ వాళ్లొచ్చారని. ఏ ఎక్స్‌రేకు రోగిని ఎట్లా ఉంచాలో ఆ పొజిషన్లన్నీ బట్టీ పట్టి పాసయ్యాను.

ఒక ప్రైవేటు సెంటర్‌లో చేరిన మొదటి నెలలోనే మర్రిగూడ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది, బాయి కాడ జారిపడి ముంజేయి వాచింది. "చేయి చాపి అరచేయి పైకి తిప్పు అవ్వా" అన్నాను, పుస్తకంలో అట్లాగే ఉంది మరి. చేయి చాపదు, తిరగదు. "ఇరవై ఏండ్లాయె బిడ్డా, నా చెయ్యి గింతే సాగుతది" అంది. ఎట్లనో తీసి, డార్క్‌రూంలో ఎర్ర బల్బు కింద కడిగి చూస్తే ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా. కేవీ, అంటే ఎక్స్‌రే కిరణాల శక్తి, తక్కువైందేమోనని పెంచి ఇంకోటి తీశా. కండ అంతా నల్లగా మాడింది, ఎముక తెల్లగానే ఉంది. మూడోదానికి ఫిల్ము ఉండే పెట్టె, క్యాసెట్, పెడుతుంటే మా సీనియర్ వచ్చి, నీళ్లు కారుతున్న మొదటి ఫిల్మును కిటికీకి పట్టి "అరేయ్, ఫిల్ము బరాబరే ఉంది, బొక్కలే గట్లున్నయ్. ఏ ఊరి నీళ్లు తాగిందో అడిగినవా?" అన్నాడు. రెండు ఎముకల మధ్య పొర కూడా ముళ్లు ముళ్లుగా గట్టిపడింది. ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వచ్చే ఎముకల జబ్బు. పక్కనే సన్నటి చీలిక, అదీ మొదటి ఫిల్ములోనే ఉంది. ఈ జిల్లాలో పుట్టి, వంకర కాళ్ల మనుషుల మధ్యనే పెరిగి, ఫిల్ము మీద గుర్తుపట్టలేదు. ఆ అవ్వకు ఉత్తపుణ్యానికి ఒక డోసు రేడియేషన్ ఎక్కువ పడింది.

కాబట్టి ఫీజు కట్టేముందు మిషన్ చూపించమనండి. టేబుల్ మీద వేలితో గీసి చూడండి, దుమ్ము అంటితే లేచి వచ్చేయండి. ఏ ఆసుపత్రిలో ఎన్ని నెలలు నిలబెడతారో అడగండి. వాళ్ల గోడల మీద విదేశీ ఉద్యోగాల ఫోటోలు నాకు చెప్పకండి, చూసీ చూసీ విసుగొచ్చింది.

ఇంకోటి, మీ చెల్లె ఉద్యోగంలో చేరిన రోజే రేడియేషన్ బ్యాడ్జి అడగమనండి, ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో కొలిచేది అదే. నాకు ఆ నోరు రావడానికి మూడేళ్లు పట్టింది. అప్పటిదాకా నా పేరున్న బ్యాడ్జి ఓనర్ టేబుల్ సొరుగులో హాయిగా పడుకొని, మూడు నెలలకోసారి సున్నా రిపోర్టు తెచ్చుకునేది.