విల్లుతోనే వాద్యబృంద సారథ్యం

ప్రశ్న: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వయొలిన్ విద్వాంసుడే ఆర్కెస్ట్రాను కూడా నడిపించడం సాధ్యమేనా? అలా రాణించినవారు ఉన్నారా?

జవాబు: నిస్సందేహంగా ఉన్నారు. నా దృష్టిలో విల్లీ బోస్కోవ్‌స్కీని మించిన ఉదాహరణ లేదు. 1909లో వియన్నాలో పుట్టిన ఆయన, వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో చాలాకాలం కన్సర్ట్‌మాస్టర్‌గా, అంటే మొదటి వయొలిన్ల వరుసకు నాయకుడిగా పనిచేశారు. ఆ ఆర్కెస్ట్రా నూతన సంవత్సర కచేరీలను నిర్వహిస్తున్న క్లెమెన్స్ క్రౌస్ 1954లో మరణించడంతో, సభ్యులు తమలో ఒకరైన బోస్కోవ్‌స్కీకే ఆ బాధ్యత అప్పగించగా, 1955 నుంచి 1979 దాకా ఆయనే వాటిని నడిపించారు. వయొలిన్ చేతపట్టుకుని నిలబడి, కాసేపు విల్లుతోనే లయను సూచిస్తూ, అనువైన ఘట్టం రాగానే వాద్యాన్ని గడ్డం కింద చేర్చి తానూ వాయించేవారు. వాల్ట్జ్ (మూడు మాత్రల లయలో సాగే నృత్య సంగీతం) స్వరకర్త రెండవ యోహాన్ స్ట్రాస్ అనుసరించిన పద్ధతీ ఇదే. వాల్ట్జ్‌లో రెండవ మాత్రను రవ్వంత ముందుగా ఎత్తుకోవడం వియన్నా బాణీ. దాన్ని మాటల్లో వివరించడం కన్నా వాయించి చూపడమే సులువు. అయితే భారీ సింఫొనీలకు, అంటే పూర్తి ఆర్కెస్ట్రా కోసం రాసిన సుదీర్ఘ రచనలకు, ఈ పద్ధతి నప్పదు. అక్కడ నిర్వాహకుడి రెండు చేతులూ ఖాళీగా ఉండవలసిందే. 1980లో ఆ కచేరీలను చేపట్టిన లోరిన్ మాజెల్ కూడా వయొలిన్ విద్వాంసుడే.