ఓడ మీద రూల్స్ మార్చేటప్పుడు మనవాళ్ల మాట వింటారా?

ప్రశ్న: సరంగు గారూ, మా అబ్బాయి ఓడలో డెక్ పని చేస్తున్నాడు. డ్యూటీ రూల్స్ మారిస్తే వాళ్లనెవరైనా అడుగుతారా? – ఓ తండ్రి, కవిటి

జవాబు: అడుగుతారు బాబూ, అడగాలి కూడా. నావికుల పని, విశ్రాంతి రూల్స్ ఉన్న 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందాన్ని సవరించాలంటే ప్రభుత్వాలు, ఓడల యజమానులు, నావికుల ప్రతినిధులు కలిసి కూర్చోవాల్సిందే. మన దేశం 2015లో అందులో చేరింది.

మా అమ్మ పోయిన కబురు నాకు పదకొండో రోజున, రేవు తగిలాక అందింది. ఆ బాధ చాలామంది నావికులది. 2022 సవరణల్లో, వీలైనంతవరకు ఓడ మీద ఇంటర్నెట్ ఇవ్వాలన్న మాట చేరింది. ఒంటికి సరిపోయే సైజు రక్షణ సామగ్రి కూడా ఇవ్వాలి. నేనైతే రెండు సైజులు పెద్ద బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని నిచ్చెన ఎక్కేవాణ్ని. ఇవి 2024 డిసెంబరు 23 నుంచి అమల్లో ఉన్నాయి.

రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. విశ్రాంతి గంటలు రాసే పట్టీలో నిజంగా విశ్రాంతి తీసుకున్న గంటలే రాయమనండి. తప్పుడు లెక్క మీద సంతకం పెట్టొద్దు. ఐదుగురు నావికులు, అంతకు మించి ఉన్న ఓడలో భద్రతా కమిటీ ఉంటుంది, అందులో నావికుల ప్రతినిధీ ఉంటాడు. ఇబ్బంది ఉంటే ముందు అతనికి చెప్పమనండి.