నెలంటే 28 రోజులేనా? రీచార్జి మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెల్‌ఫోన్ రీచార్జి మీదే. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవి కొన్ని ఏరి ఒకచోట పెట్టాం. పేర్లు వేయొద్దన్న వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాం. ధరలు రాసిన చోట అవి ఎప్పటివో కూడా రాశాం. కంపెనీలు ఏ రోజు మారుస్తాయో తెలియదు, డబ్బు కట్టేముందు ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంది. నేను బెంగళూరులో ఉంటా, పొద్దునా రాత్రీ మాట్లాడుకుంటాం, ఆమెకు ఫోన్‌తో పని అంతవరకే. షాపులో అడిగితే 299 వేయించుకోమంటాడు, రోజుకు ఒక జీబీ వస్తుందంటాడు. ఆ జీబీ ఎవరికి? మాటలకు మాత్రమే డబ్బు కట్టే దారి లేదా? (ఉదయగిరి)

జవాబు: ఉంది. షాపులో మీ అంతట మీరు అడిగితే తప్ప చెప్పరు, అంతే. 2024 డిసెంబరులో ట్రాయ్, అంటే టెలికాం కంపెనీల నియంత్రణ సంస్థ, నిబంధనలు సవరించింది. డేటా లేకుండా కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్యాకు ఒక్కటైనా ప్రతి కంపెనీ పెట్టాలని అందులో ఉంది, అలాంటి ప్యాకుల గడువు 90 రోజులు దాటకూడదన్న పాత పరిమితిని 365 రోజులకు పెంచింది కూడా. 2025 జనవరిలో కంపెనీలు ఈ ప్యాకులు తెచ్చాయి గానీ తెచ్చిన తీరు చూడండి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 6 జీబీతో 509 రూపాయల ప్యాకు ఉండేది, అందులోంచి ఆ ఆరు జీబీలూ తీసేసి 499 అన్నారు. అంటే 84 రోజుల డేటా ఖరీదు పది రూపాయలన్నమాట! అదే డేటా విడిగా కొనబోతే పదికి ఇస్తారా? గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే దాన్ని 469కి, ఏడాది ప్యాకును 1959 నుంచి 1849కి దించారు. జియో కూడా 84 రోజులది 458 నుంచి 448కి తగ్గించింది, 365 రోజులకు 1958 ఉన్నదాన్ని తీసేసి 336 రోజులకు 1748 పెట్టింది.

మీ అమ్మగారి లెక్క వేద్దాం. 28 రోజులకు 299 చొప్పున ఏడాదికి పదమూడు సార్లు వేయిస్తే 3887 అవుతుంది. 1849 ప్యాకు ఒక్కసారి వేయిస్తే 2038 రూపాయలు మిగులుతాయి, షాపు చుట్టూ తిరిగే పని కూడా తప్పుతుంది. ఇంకో సంగతి, జియోకు 2జీ లేదు, మామూలు బటన్ల ఫోన్లలో ఆ సిమ్ పనిచేయదు, 4జీ పట్టే బటన్ల ఫోనే కావాలి. కాబట్టి ధర తక్కువని సిమ్ మార్చేయకండి.

ధర మాట అలా ఉంచి, అసలు నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన దేశంలో డేటా చవకని ఊదరగొడతారు, అబద్ధమేం కాదు, జియోలో 299కి రోజుకు 1.5 జీబీ చొప్పున 28 రోజుల్లో 42 జీబీ ఇస్తే జీబీ ఏడు రూపాయలే పడుతుంది. అది 42 జీబీలూ వాడిన వాడికి. నెలకు నాలుగు జీబీలు వాడేవాడికి జీబీ 75 రూపాయలు. ఒక్క ఎంబీ కూడా వాడని మీ అమ్మగారికైతే లెక్కే లేదు. పెరుగన్నం చాలన్నా ఫుల్ మీల్స్ టోకెన్ కొనాల్సిందే అన్నట్టుంది వ్యవహారం. చిన్న ప్యాకులు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి, రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 ప్యాకును 2025 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఎత్తేసింది, జియో ఆన్‌లైన్‌లో కనబడకుండా చేసింది. ధర పెంచామని ఎవరూ అనరు, కింది మెట్టు తీసేస్తే జనమే పై మెట్టు ఎక్కుతారు కదా.

ప్రశ్న: నెలకు 30 రోజులో 31 రోజులో ఉంటే వీళ్లకు 28 ఎందుకు? (కావలి)

జవాబు: ఎందుకంటే అలా పెడితే ఏడాదికి పన్నెండు కాకుండా పదమూడు రీచార్జిలు అవుతాయి. 28ని 13తో గుణిస్తే 364, ఏడాదికి ఒక్క రోజే తక్కువ. వారాల లెక్కని కంపెనీలు చెబుతాయి, సరే. 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశం ఇచ్చాక 30 రోజుల ప్యాకు ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రీచార్జి చేసుకునే ప్యాకు ఒకటి కచ్చితంగా ఉంచాల్సి వచ్చింది. ఉన్నాయి కూడా. కాకపోతే యాప్ తెరవగానే పైన కనబడవు, కిందికి జరుపుకుంటూ పోవాలి. ఒక చిట్కా ఏంటంటే, ప్యాకు ధర చూడొద్దు, ధరను రోజులతో భాగించి చూడండి. అప్పుడు చవకనుకున్నవి కొన్ని చవక కావని తేలుతుంది.

ప్రశ్న: ఒకడు పెంచితే వారం తిరక్కుండా మిగతా వాళ్లూ పెంచుతారు. ఇది పోటీ అంటారా, కూడబలుక్కోవడం అంటారా? ప్రభుత్వం ఏం చేస్తా ఉంది? (కనిగిరి)

జవాబు: కూడబలుక్కున్నారని రుజువు లేకుండా నేను అనలేను. కూడబలుక్కోవాల్సిన అవసరమే లేని పరిస్థితి వచ్చిందని మాత్రం అనగలను.

మీరు చెప్పిన వారం మాట నిజమే. 2019 డిసెంబరులో అందరూ పెంచారు. 2021లో నవంబరు చివర ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, డిసెంబరు ఒకటిన జియో. 2024లో అయితే జూలై 3న జియో, ఎయిర్‌టెల్ ఒకే రోజు, మర్నాడు వొడాఫోన్ ఐడియా. ఆ దెబ్బకే జియోలో 239 ప్యాకు 299 అయింది, ఎయిర్‌టెల్‌లో 179ది 199 అయింది.

పదిహేనేళ్ల కిందట కనిగిరి బస్టాండు దగ్గర గోడలు గుర్తున్నాయా? డొకొమో, ఎయిర్‌సెల్, యూనినార్, రిలయన్స్, ఐడియా, వొడాఫోన్, ఎయిర్‌టెల్, ఎవడి రంగు వాడిది. 2009లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా అనగానే మిగతా వాళ్లంతా నిమిషం లెక్క వదులుకుని కిందికి రావాల్సి వచ్చింది, పోటీ అంటే అది. తర్వాత 2012 ఫిబ్రవరిలో 2జీ కేసులో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి, ఆ మరుసటి మార్చి దాకా అన్నీ ఉచితంగా ఇచ్చింది. మనం లైన్లో నిలబడి మరీ సిమ్‌లు తెచ్చుకున్నాం, బాగానే ఉంది, అంతకుముందు ఒక జీబీకి రెండు వందల పైన కట్టిన వాళ్లమే కదా. ఆ ఉచితం ముందు నిలవలేక రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో కాల్స్ ఆపేసింది, ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది, టెలినార్ (పాత యూనినార్), టాటా డొకొమో వెళ్లి ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. 2019 అక్టోబరులో ఏజీఆర్ బకాయిల (కంపెనీలు తమ ఆదాయంలోంచి ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా) మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ కలిసిన కంపెనీ నడుమే విరిగింది. బకాయిలు కట్టలేక వాటాలు ఇచ్చుకుంటూ పోతే 2025కి దాంట్లో దాదాపు 49 శాతం ప్రభుత్వానిదైంది.

అంటే చూడండి, పేరుకు నాలుగు కంపెనీలు. అందులో బీఎస్ఎన్ఎల్ పూర్తిగా ప్రభుత్వానిది, ఇంకొకటి సగం ప్రభుత్వానిది, రెండూ నీరసంగానే ఉన్నాయి. మిగిలిన రెండింటి చేతిలోనే పదిమందిలో ఏడుగురికి పైగా ఉన్నారు. ఇక వాళ్లు కొట్టుకోవడం దేనికి, ఒకరు పెంచితే రెండోవారికీ లాభమే. ధర ఎంత ఉండాలో ట్రాయ్ నిర్ణయించదు, కంపెనీలే పెట్టుకుని ఆ తర్వాత ట్రాయ్‌కి తెలియజేస్తాయి. గోడల మీద రంగులు పది ఉన్న రోజుల్లో ఆ విధానం మనకు మేలే చేసింది. ఇప్పుడూ అదే విధానం ఎందుకని నా ప్రశ్న, కనీసం అన్నిటికంటే చిన్న ప్యాకు ధర మీదన్నా ఒక కట్టడి ఉండాలి.

జనం ఊరికే ఉన్నారా అంటే లేరు. 2024 జూలైలో ధర పెంచని బీఎస్ఎన్ఎల్‌కు లక్షల మంది మారారు, అక్టోబరు దాకా దాని సంఖ్య పెరుగుతూనే పోయింది, నవంబరుకల్లా మళ్లీ తగ్గుముఖం పట్టింది. ఎందుకు తగ్గిందో సిగ్నల్ కోసం మిద్దె ఎక్కిన వాళ్లను అడిగితే చెబుతారు.

ప్రశ్న: నేను రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా ఉంటా. పగలు నిద్ర. సాయంత్రం ఫోన్ పట్టుకుంటే పది కొట్టేలోపు 1.5 జీబీ అయిపోయిందని మెసేజి వస్తుంది. ఇంటికాడ ఉన్న రోజు మా పిలకాయల వైఫై వాడతా, ఆ రోజు డేటా అంతా మిగిలే ఉంటుంది. ఆ మిగిలింది యాడికి పోతా ఉంది? (అల్లూరు)

జవాబు: అర్ధరాత్రి పన్నెండుకు రద్దయిపోతోంది అన్నా. రోజువారీ ప్యాకుల్లో మిగిలింది రేపటికి రాదు, అయిపోతే మాత్రం వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, వాట్సాప్‌లో రాత మెసేజి తప్ప ఏదీ కదలదు. అప్పుడు చిన్న డేటా ప్యాకు కొనమని మెసేజి వస్తుంది. 2024 జూలైలో జియో ఒక జీబీది 15 నుంచి 19కి, ఎయిర్‌టెల్ 19 నుంచి 22కి పెంచాయి. నెలలో ఐదారు సార్లు అవి వేయించుకుంటే పెద్ద ప్యాకు ధరయిపోతుంది, వాళ్లకు కావాల్సిందీ అదే.

మీ పనివేళలు చూస్తే మీకు రెండు దారులున్నాయి. పన్నెండు దాటగానే కొత్త కోటా వస్తుంది కాబట్టి సినిమా, డౌన్‌లోడ్ లాంటివన్నీ పన్నెండు తర్వాతకు పెట్టుకోండి. రెండోది, వొడాఫోన్ ఐడియా కొన్ని ప్యాకుల్లో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా డేటాను లెక్కలోకి తీసుకోదు, సోమ నుంచి శుక్ర దాకా మిగిలింది శని, ఆదివారాల్లో వాడుకోనిస్తుంది. కాపలా వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి, గుంటల కాడ దాని సిగ్నల్ ఉంటే! ముందు అది చూసుకోండి.

5జీ అయితే అపరిమితం కదా అని ఎవరైనా అంటారు. 2024 జూలై నుంచి అది రోజుకు 2 జీబీ, ఆపై ప్యాకులకే పరిమితం చేశారు. పైగా గుంటల దగ్గర ఫోన్ 4జీకి దిగిందంటే మళ్లీ కోటాలోంచే పోతుంది. ఈలోగా వాట్సాప్‌లో ఫొటోలూ వీడియోలూ వాటంతటవి దిగకుండా ఆపేయండి, యాప్ అప్‌డేట్లు వైఫైలోనే జరిగేలా పెట్టండి, వీడియో 480లో చూడండి. సగం కోటా మిగలకపోతే అడగండి.

ప్రశ్న: మాది నల్లమల అంచున పల్లె. ఇప్పుడున్న నెట్‌వర్క్‌తో విసిగిపోయాం. బీఎస్ఎన్ఎల్‌కు మారదామని ఉంది, నంబరు పోతుందేమోనని టెన్షన్. (యర్రగొండపాలెం)

జవాబు: నంబరు పోదు. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి మీ నంబరు వేసి 1900కు మెసేజి పంపండి. రీచార్జి లేదని, మీ ప్యాకులో ఎస్సెమ్మెస్ లేదని ఆ మెసేజిని ఆపడానికి వీల్లేదు, 2021 డిసెంబరులోనే ట్రాయ్ చెప్పింది. తిరిగి ఒక కోడ్ వస్తుంది, మనవైపు అది నాలుగు రోజులే పనిచేస్తుంది, దాన్నీ ఆధార్‌నీ తీసుకుని షాపుకు వెళ్లాలి. మూడు పనిదినాల్లో మారుతుంది. సిమ్ తీసుకుని 90 రోజులు కాకపోయినా, సిమ్ పోయి కొత్తది తీసుకుని ఏడు రోజులు కాకపోయినా కోడ్ రాదు. పాత ప్యాకులో మిగిలిన రోజులు, బ్యాలెన్స్ పోతాయి, కాబట్టి గడువు ముగిసే ముందు మారండి. ఫోన్‌పే లాంటివి కొత్త సిమ్ వేశాక మళ్లీ నమోదు అడుగుతాయి, కంగారుపడొద్దు.

అయితే మారేముందు ఊళ్లో ఎవరిదైనా బీఎస్ఎన్ఎల్ సిమ్ అడిగి తీసుకుని మీ ఇంట్లో, పశువుల పాకలో, పొలం దగ్గర వేసి చూడండి. 2025 సెప్టెంబరు చివర బీఎస్ఎన్ఎల్ సొంత 4జీని దేశమంతా ప్రారంభించారు, అది మీ టవర్‌కు వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఏ ఊళ్లో ఏ సిగ్నల్ ఉందో చూపే మ్యాపులు కంపెనీల వెబ్‌సైట్లలో ఉన్నాయి, మ్యాపులో రంగు ఉన్న చోటల్లా ఫోన్ మోగుతుందని మాత్రం నమ్మకండి. పోటీ అనేది ఢిల్లీలో ఎన్ని కంపెనీలు ఉన్నాయన్న లెక్క కాదు, మీ పల్లెలో ఎన్ని సిమ్‌లు పలుకుతాయన్న లెక్క. నెల్లూరు ట్రంకురోడ్డులో ఉన్నవాడికి మూడు దారులుంటే మీకు ఒకటే ఉండొచ్చు, అయినా ఇద్దరూ కట్టేది ఒకే ధర.

ప్రశ్న: మా వాడు చెన్నైలో చదువుతున్నాడు. నంబరును తమిళనాడుకు మార్పించాలా? (నెల్లూరు)

జవాబు: అక్కర్లేదు. ఇప్పటి ప్యాకుల్లో దేశమంతా రోమింగ్ కలిసే ఉంటుంది. ఇక్కడి నంబరుతోనే చదువుకోనివ్వండి.

ప్రశ్న: బ్యాంకుకు ఇచ్చిన రెండో సిమ్‌కు రీచార్జి మానేశా. ఇన్‌కమింగ్ కూడా ఆపేశారు. నంబరు ఎన్నాళ్లు ఉంటుంది? (పొదిలి)

జవాబు: అసలేం వాడకపోయినా 90 రోజుల దాకా నంబరు తీసేయకూడదు. ఆ తర్వాత కూడా ప్రీపెయిడ్ బ్యాలెన్స్ 20 రూపాయలు ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. అయితే నంబరు ఉండటం వేరు, ఓటీపీ రావడం వేరు. బ్యాంకు నంబరైతే ఇలా నెట్టుకురావొద్దు, రోజూ వాడే నంబరును బ్యాంకులో ఇచ్చి దీన్ని వదిలేయండి.

ప్రశ్న: నేను అడక్కుండానే ఏదో పాటల సర్వీసు పెట్టి డబ్బు కోశారు. కస్టమర్ కేర్‌కు చేస్తే మీరే నొక్కారంటారు. ట్రాయ్‌కి రాయనా? (ఒంగోలు)

జవాబు: రాస్తే లాభం లేదు, ఒక్కొక్కరి ఫిర్యాదు ట్రాయ్ తేల్చదు. ముందు 155223కు చేసి ఆ సర్వీసు ఆపించండి. తర్వాత కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు ఇచ్చే నంబరు, అడిగి తీసుకోండి, అది లేకుండా ఫోన్ పెట్టేయొద్దు. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే ఒంగోలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం గొడవలు దాని పరిధిలోకి రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి, వస్తాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. డబ్బు కోసిన మెసేజి, డాకెట్ నంబరు, అప్పీలు జవాబు మూడూ ప్రింటు తీసుకుని వెళ్లండి.