డెవలప్‌మెంటల్ బయాలజీనా, ఏజింగా, న్యూరోనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే బెంగళూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. డెవలప్‌మెంటల్ బయాలజీ, ఏజింగ్, న్యూరాలజీ అంటూ రీసెర్చే చేస్తానంటోంది. మూడింట్లో ఏది మంచిది? ఫారిన్ ఎంఎస్‌కి లోన్ తీసుకోమంటారా?
- ఒక తండ్రి, కేఆర్ పురం

సార్, ముందు లోన్ సంగతి చెప్పేస్తా, ఇప్పుడే వద్దండి. పీహెచ్‌డీయే టార్గెట్ అయితే మన దగ్గర చదువుకుంటున్నందుకు వాళ్ళే డబ్బులిస్తారు, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. ఐటీలో చేరిన చుట్టాలబ్బాయి జీతంతో పోలిస్తే తక్కువే, కాదన్ను, కానీ నెత్తిమీద అప్పుండదు కదా.

ఇంక ఏది మంచిది అంటే, పిండం నుంచి ఒళ్ళు ఎలా తయారవుతుంది, ముసలితనం ఎలా వస్తుంది, మెదడూ నరాలూ ఎలా పనిచేస్తాయి, ఈ మూడూ బయటికి కనిపించేంత విడివిడిగా ఏం లేవండి. నాచ్ అని ఒక జీన్ ఉంది, వందేళ్ళ కింద మోర్గాన్ అనే సైంటిస్ట్ ల్యాబ్‌లో పండ్ల ఈగ రెక్క అంచున గాట్లు (నాచ్ అంటే గాటు) పడి ఉండటం చూసి దానికా పేరొచ్చింది, పిండంలో ఏ కణం నరాల కణం అవ్వాలి ఏది చర్మం అవ్వాలి అని తేల్చడంలో దానిదే పెద్ద చెయ్యి. మనుషుల్లో అదే కుటుంబానికి చెందిన నాచ్3లో తేడా ఉంటే కాడాసిల్ అనే జబ్బొస్తుంది, నడివయసులో స్ట్రోకులు, ఆ తర్వాత డిమెన్షియా. అలాగే 1993లో సింథియా కెన్యన్ టీమ్ డాఫ్-2 అనే జీన్ దెబ్బతిన్న, మట్టిలో ఉండే చిన్న నులిపురుగులు రెట్టింపుకి పైగా బతుకుతున్నాయని చూపించింది, చిన్నప్పుడు తిండి దొరక్కపోతే ఆ పురుగు ఎదుగుదల ఆపేసుకోవాలా వద్దా అన్నదాంట్లోనూ ఆ జీనే ఉంటుంది. అందుకని సబ్జెక్ట్ పేరు పట్టుకుని కొట్టుకోకండి, ఏ జీవితో పని, ఎవరి ల్యాబ్‌లో పని, అది చూడమనండి.

ఆ పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. ఈగల ల్యాబ్‌లో చేరితే కార్బన్ డయాక్సైడ్‌తో ఈగల్ని మత్తులో పెట్టి, మైక్రోస్కోప్ కింద చిన్న బ్రష్‌తో మగవి ఒక పక్కకి ఆడవి ఒక పక్కకి తోస్తూ కూర్చోవాలి, క్రాస్ వెయ్యాలంటే, అంటే మనకి కావాల్సిన మగ ఈగతో జతకట్టించాలంటే, ఆడ ఈగల్ని ప్యూపా లోంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపే వేరు చెయ్యాలి, లేదంటే ముందే వేరేవాటితో జతకట్టేస్తాయి, ఆ బ్యాచ్ పోయినట్టే. ఏజింగ్ ఎక్స్‌పరిమెంట్ అయితే రెండు మూడు రోజులకోసారి కొత్త వయల్స్ (చిన్న సీసాలు) లోకి మార్చి చచ్చినవి లెక్కపెట్టడం, చివరి ఈగ పోయేదాకా, అంటే రెండు మూడు నెలలు. ఉగాది అయినా సరే వెళ్ళాల్సిందే. ఇది బోర్ కొట్టని పిల్లలే ఈ లైన్లో నిలబడతారు, మార్కులు ఆ తర్వాతే అంటాను నేను.

ఇంకోటి, న్యూరాలజిస్ట్ అవ్వాలంటే ఎంబీబీఎస్, ఎండీ, డీఎం దారి. మీ అమ్మాయిది న్యూరోసైన్స్ దారి, పేషెంట్లకి ట్రీట్‌మెంట్ ఇవ్వడానికి కుదరదు, ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి ఇప్పుడే చెప్పేయండి.

ఊరు మాత్రం కలిసొచ్చింది మీకు. జీకేవీకే (వ్యవసాయ యూనివర్సిటీ) క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్, జక్కూర్‌లో జేఎన్‌సీఏఎస్ఆర్ అనే రీసెర్చ్ సంస్థలు, హోసూర్ రోడ్డులో మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్. ఐఐఎస్సీ క్యాంపస్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళయితే కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 దాటినవాళ్ళ జ్ఞాపకశక్తిని ఏళ్ళ తరబడి ఫాలో అవుతున్నారు, అటువైపు తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, మన పిల్లలకి అదొక ప్లస్. ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి (డిగ్రీ తర్వాత నేరుగా చేరేది) జామ్ అనే ఎంట్రన్స్ రాయాలి, ఎన్‌సీబీఎస్‌కి టీఐఎఫ్ఆర్ ఎంట్రన్స్ ఉంటుంది.

టైమ్ సంగతి దాచను, పీహెచ్‌డీ ఐదారేళ్ళు, తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే టెంపరరీ రీసెర్చ్ ఉద్యోగం), పర్మనెంట్ ఉద్యోగం అనేసరికి ముప్పై అయిదు దాటొచ్చు. పెళ్ళి సంబంధాల వాళ్ళు "ఇంకా చదువుతోందా" అంటారు, అనుకోనివ్వండి. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, బయోకాన్, సింజీన్ లాంటి బయోటెక్ కంపెనీలకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, అదేం ఓటమి కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే, ఒక ల్యాబ్‌లో ఆర్నెల్లు ప్రాజెక్ట్. తనకి నచ్చిన ప్రొఫెసర్ ఈమధ్య వేసిన పేపర్ ఒకటి చదివి, అందులో తనకి అర్థం కాని ఒక్క ప్రశ్న రాసి మెయిల్ పెట్టమనండి, వారం పోయాక ఒకసారి గుర్తుచెయ్యమనండి. ఆ మెయిల్ మాత్రం మీరు రాయకండి సార్, తండ్రి రాసిన మెయిల్ వాళ్ళు రెండో లైన్లోనే కనిపెట్టేస్తారు.