‘నో’ అని ఓటేస్తే పిల్లల బీమా వద్దన్నట్టేనా?

మీ ప్రశ్న ఇది: కొత్తగా అమెరికా సిటిజన్ అయ్యారు, నవంబరులో మొదటి ఓటు. చాలా ఏళ్లు హౌస్‌లో (కాంగ్రెస్ దిగువ సభలో) ఉండి ఇప్పుడు సెనేట్‌కి పోటీ చేస్తున్న ఒకాయన మీద మీ మెయిల్‌బాక్సులో కరపత్రం పడింది. ‘పిల్లల ఆరోగ్య బీమాకి వ్యతిరేకంగా ఎనిమిది సార్లు ఓటేశాడు’ అని ఉంది. అది నిజమో కాదో ఎలా చూడాలి, నిజమైతే ఎంత పట్టించుకోవాలి అన్నారు.

మా పాప ఆ బీమా మీదే పెరిగింది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

మేం 2016 వేసవిలో గుంటూరు నుంచి వర్జీనియా వచ్చాం. మా ఆడపడుచు వేసిన పిటిషన్ పన్నెండేళ్లకు పైగా నలిగి నలిగి చివరికి గ్రీన్‌కార్డులు వచ్చాయి. మావారికి హెర్న్‌డన్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో పని దొరికింది. జీతం ఉంది, ఇన్సూరెన్స్ లేదు. పాపకి అప్పుడు ఆరేళ్లు. ఇక్కడి చలి దానికి అస్సలు పడలేదు. అర్ధరాత్రి పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకుంటే ఊపిరాడక నా భుజానికి తల ఆనించి కూర్చునే నిద్రపోయేది. స్కూల్ నర్సు చూసి, ‘ఫామిస్‌కి అప్లై చెయ్యండి’ అంది. ఫామిస్ అంటే చిప్‌కి, అంటే కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే పిల్లల ఆరోగ్య బీమా పథకానికి, వర్జీనియాలో ఉన్న పేరు. పేదలకి ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికెయిడ్‌కి ఆదాయం కాస్త ఎక్కువై, సొంతంగా బీమా కొనుక్కునే స్తోమత లేని ఇళ్ల పిల్లలకి ఈ చిప్. కార్డు వచ్చింది, ఇన్‌హేలర్ వచ్చింది, రాత్రుళ్లు నిద్ర వచ్చింది.

2017 డిసెంబరులో రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. కాంగ్రెస్ డబ్బులు ఇవ్వకపోతే జనవరి 31తో కవరేజీ ఆగిపోవచ్చని అందులో ఉంది. కేంద్రం నిధుల గడువు సెప్టెంబరు 30నే అయిపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. మావారు ఇన్‌హేలర్ మీద ఉన్న అంకె చూసి, ఇంకా ఎన్ని పఫ్‌లు మిగిలాయో క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ టెన్షన్‌లోనే నేను మొదటిసారి కాంగ్రెస్ ఓట్లు చూడటం మొదలుపెట్టాను.

2018 జనవరి 19 రాత్రి సెనేట్‌లో ఓటింగ్. ప్రభుత్వం మూతపడకుండా తాత్కాలిక ఖర్చుల బిల్లు, దాంట్లోనే చిప్‌కి ఆరేళ్ల నిధులు. ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి, వచ్చినవి 50. మా ఇద్దరు సెనేటర్లు మార్క్ వార్నర్, టిమ్ కేన్ కూడా ‘నో’ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా పాప మందు కన్నా వీళ్లకి ఏం ఎక్కువైందనుకున్నాను. ఆ తర్వాత చదివితే తెలిసింది, అసలు గొడవ చిప్ గురించి కాదు. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన డ్రీమర్ల సంగతి తేల్చాలనీ, నెలకోసారి పొడిగించే బడ్జెట్ వద్దనీ గొడవ. మూడు రోజులు ప్రభుత్వం మూతపడింది. జనవరి 22న మళ్లీ ఓటింగ్ పెడితే 81–18తో ముందుకు కదిలింది. ఈసారి ఆ ఇద్దరూ ‘ఎస్’ అన్నారు. చిప్ ఆరేళ్ల నిధులు రెండుసార్లూ అందులో ఉన్నాయి. మొదటి ఓటు ఒక్కటే పట్టుకుని కరపత్రం వేస్తే, వాళ్లిద్దరూ పిల్లల బీమాకి శత్రువులని వేయొచ్చు. అబద్ధం ఆడినట్టు కూడా కాదు.

ఇంకో పేరు చెప్తాను, ఆయన రికార్డు చదివాకే నాకు ఈ విషయం బాగా తలకెక్కింది. ఓరిన్ హ్యాచ్, అప్పటి యూటా సెనేటర్, రిపబ్లికన్. 1997లో డెమొక్రాట్ టెడ్ కెన్నెడీతో కలిసి ఈ పథకాన్ని పుట్టించిన మనిషి ఆయనే. 2007లో దీన్ని పెంచే బిల్లుని అధ్యక్షుడు బుష్ వీటో చేస్తే, సొంత పార్టీ అధ్యక్షుడని కూడా చూడకుండా తప్పన్నాడు. అదే హ్యాచ్ 2009 జనవరి 29న ఈ పథకాన్ని పెంచే బిల్లుకి ‘నో’ అన్నాడు. అది 66–32తో నెగ్గి, ఫిబ్రవరి 4న ఒబామా సంతకంతో చట్టమైంది.

ఎందుకు ‘నో’ అన్నాడో చూస్తే, ఆయనకి నచ్చని వాటిలో ముఖ్యమైన ఒక క్లాజు మా ఇంటికి సంబంధించినది. 1996 వెల్ఫేర్ చట్టం ప్రకారం, గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్లు ఇలాంటి పథకాలకి ఐదేళ్లు ఆగాలి. 2009 చట్టం, చట్టబద్ధంగా వచ్చిన పిల్లలకీ గర్భిణులకీ ఆ ఐదేళ్ల ఆంక్ష తీసేసే వీలు రాష్ట్రాలకి ఇచ్చింది. వర్జీనియా ఆ వీలు వాడుకుంది. లేకపోతే మా పాప 2021 దాకా ఆగాలి, అంటే ఆరో ఏట మొదలైన ఆయాసానికి పదకొండో ఏట కార్డు. ఈ పథకమే లేకుంటే అసలు కార్డే లేదు, కాబట్టి 1997కి హ్యాచ్‌కి దండం పెడతాను. 2009 ఓటు మాత్రం మాలాంటి పిల్లలని గుమ్మం బయట నిలబెట్టే ఓటు. దాన్ని నేను క్షమించలేను. రెండూ ఒకే మనిషి రికార్డులో ఉన్నాయి.

ఇక మీ కరపత్రం సంగతి. ‘ఎనిమిది సార్లు’ అనే అంకె ఎలా తయారవుతుందో చూడండి. 2007 ఆగస్టు నుంచి 2008 జనవరి దాకా ఒక్క తగాదా మీదే హౌస్‌లో ఐదు పెద్ద ఓట్లు జరిగాయి: ఆగస్టులో హౌస్ సొంత బిల్లు, సెప్టెంబరులో సెనేట్‌తో కుదిరిన బిల్లు, అక్టోబరు 18న వీటోని తిప్పికొట్టే ఓటు, అదే నెలలో కొంచెం మార్చిన రెండో బిల్లు, జనవరిలో రెండో వీటో మీద ఓటు. అక్టోబరు 18 నాటిది 273–156, మూడింట రెండు వంతులకి 13 తగ్గాయి. అన్నిటికీ ‘నో’ అన్నవాళ్లకి అక్కడే ఐదు పడ్డాయి. అప్పట్లో వాళ్లు చెప్పిన కారణాలు సిగరెట్ పన్ను పెంపు, పథకం మరీ పై ఆదాయాలదాకా పోతోందన్న వాదన. మీకు ఆ కారణాలు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఐదుని మాత్రం ఒకే అభిప్రాయంగా లెక్కపెట్టుకోండి.

చూడటానికి దారి తేలికే. కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు నంబర్ కొడితే ‘యాక్షన్స్’ దగ్గర రోల్ కాల్ ఓట్లన్నీ (ఎవరు ఎటు వేశారో పేర్లతో నమోదయ్యేవి) వస్తాయి, ఒక్కోదాని మీద నొక్కితే పేర్లు. అక్కడ ముందు చూడాల్సింది పేరు పక్కన ‘ఎస్’, ‘నో’ కాదు, ఓటు దేని మీద అన్నది. బిల్లు చివరి పాస్ మీదా, సవరణ మీదా, చర్చ ముగించే క్లోచర్ మీదా అనేది పైనే రాసి ఉంటుంది. తర్వాత ఆ బిల్లులో చిప్ కాకుండా ఇంకేం కట్టారో చూడండి. 2017 నవంబరు 3న హౌస్ 242–174తో చిప్ నిధుల బిల్లు పాస్ చేసినప్పుడు డెమొక్రాట్లలో ఎక్కువమంది ‘నో’ అన్నారు. దానికి డబ్బు వేరే ప్రజారోగ్య నిధిలోంచి తీస్తున్నారని వాళ్ల అభ్యంతరం.

అలాగని ప్రతి ‘నో’కీ ఒక మంచి సాకు వెతికిపెట్టమని కాదు. 2018 జనవరిలో కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క వేసి, చిప్‌ని పదేళ్లు పొడిగిస్తే ప్రభుత్వానికి ఖర్చు కాదు, 600 కోట్ల డాలర్లు మిగులుతుందని తేల్చింది. చిప్ పోతే పిల్లల్లో చాలామంది ఇంకా ఖరీదైన సబ్సిడీ బీమాలోకి వెళ్తారు కాబట్టి. అలాంటి పథకాన్ని నాలుగు నెలలు గాలిలో వదిలేసిన వాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నా, హౌస్, సెనేట్ రెండూ ఎవరి చేతిలో ఉన్నాయో, డిసెంబరులో వాళ్లు పన్నుల కోత బిల్లుని ముందు పాస్ చేసుకున్నారో లేదో కూడా చూడాలి. రెండూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి, ఆ బిల్లు ముందు పాస్ చేసుకున్నారు కూడా. సెనేట్‌లో చిప్ పొడిగింపు బిల్లుని ఓటింగ్‌కే పెట్టని ఆ నెలలు ఏ రోల్ కాల్‌లోనూ కనపడవు. నా దృష్టిలో ‘నో’ ఓటు కన్నా ఆ తాత్సారమే పెద్ద తప్పు.

మీ ఓటుకి సంబంధించి ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. 2022 డిసెంబరు చట్టంతో చిప్ నిధులు 2029 సెప్టెంబరు 30 దాకా ఉన్నాయి. ఈ నవంబరులో గెలిచే సెనేటర్ పదవీకాలంలోనే ఆ గడువు వస్తుంది. మీటింగుల్లో ఆయన ఎదురుపడితే 2007 గురించి కాకుండా 2029 గురించి అడగండి, ఐదేళ్ల ఆంక్ష గురించి కూడా.

కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో రోల్ కాల్ నంబర్లు, తేదీలు ఉంటాయి. భూతద్దం పెట్టయినా చూసి అవి నాకు పంపండి. ఎనిమిదీ దేని మీద వేసిన ఓట్లో కూర్చుని చూసి రాస్తాను.