పాఠకుల ప్రశ్నలు: ఏఐ సెర్చ్ కోసం మన రాతను ఎంత మార్చుకోవాలి?

ప్రశ్న: బత్తాయి తోటల గురించి చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. గూగుల్‌లో పైననే ఏఐ జవాబు వస్తుండడంతో మా పేజీకి వచ్చేటోళ్లు తగ్గిన్రు. సైటు చూసే పిలగాడు ప్రతి పేరాలో "నల్గొండ బత్తాయి సాగు" అని రాయాలంటడు. అట్ల రాస్తే నా రాత నాకే చదవబుద్ధి అయితలేదు. ఏం చేయాలె?
– ఒక రైతు, నిడమనూరు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ పిల్లవాడు చెబుతున్నది పాత వైద్యం. ఒకే మాటను పదిచోట్ల కుక్కడం ఒకప్పటి సెర్చ్‌లో కొన్నాళ్లు పనిచేసింది, ఇప్పుడు పనిచేయదు. ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు 2023లో ఈ సంగతే పరీక్షించారు. ఒకే పేజీని రకరకాలుగా మార్చి, ఏఐ ఇచ్చే జవాబుల్లో దానికి ఎంత చోటు దక్కుతుందో చూశారు. అంకెలు, ఫలానావారు అన్న మాటలు, ఆధారాలు చేర్చినప్పుడు చోటు పెరిగింది. కీవర్డ్ కుక్కితే ఏమీ ఒరగలేదు.

ఎందుకంటే, "బత్తాయి ఎకరానికి ఎన్ని మొక్కలు, ఏ అంటు మంచిది, ఎప్పుడు నాటాలి" అని ఎవరైనా అడిగితే యంత్రం దాన్ని చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టి వెతుకుతుంది. దొరికిన పేజీలను ముక్కలు చేసి, ప్రశ్నకు అర్థంలో దగ్గరగా ఉన్న ముక్కను ఎత్తుకుంటుంది. అడిగినవాళ్లు మోసంబి అన్నా, మీరు బత్తాయి అని రాసినా అది కలుపుకోగలదు. కాబట్టి మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: పేజీలోంచి ఏ పేరా ఊడదీసినా అది ఒంటరిగా నిలబడుతుందా?

ఇక్కడ తెలుగు రాసేవాళ్లకు ఒక చిక్కుంది. మనం కర్తను వదిలేసి హాయిగా మాట్లాడతాం. "దీనికి నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది. పైన చెప్పిన దూరమే పాటించాలి." పేజీ మొదటినుంచీ చదివేవారికి ఇందులో ఇబ్బందేమీ లేదు. విడిగా తీసి చూడండి. దేనికి? ఎంత దూరం? యంత్రం చేతికొచ్చిన ముక్కలో పంట పేరు లేదు, అంకె లేదు. అది పక్కన పడేసి ఇంకో పేజీకి పోతుంది. అందుకని ప్రతి పేరా మొదటి వాక్యంలో పంట పేరు ఒక్కసారి రానివ్వండి. తర్వాత "దీనికి", "అది" అని ఎంతైనా రాసుకోవచ్చు.

మీ పిల్లవాడు కోరే పేరా ఇలా ఉంటుంది:

"నల్గొండ బత్తాయి సాగు ఎంతో లాభదాయకం. నల్గొండ బత్తాయి సాగు చేసే రైతులు సరైన దూరం పాటించడం చాలా ముఖ్యం. నల్గొండ బత్తాయి సాగులో మెళకువలు తెలుసుకుందాం."

మూడు వాక్యాల్లో ఒక్క సంగతి లేదు. ఇదే మీ గొంతులో:

"బత్తాయి మొక్కకూ మొక్కకూ, సాలుకూ సాలుకూ ఇరవై అడుగులు వదలాలి. అట్లయితే ఎకరానికి 108 మొక్కలు పడతయి. ఇంత జాగ ఉట్టిగ పోతుందని మొదట్ల పానం గుంజుతది, రెండు మొక్కలు ఎక్కువ పెడదామనిపిస్తది. చెట్లు ఎదిగి కొమ్మకు కొమ్మ రాసుకున్ననాడు మందు కొట్టే మనిషి లోపలికి పోలేడు."

ఎకరం 43,560 చదరపు అడుగులు. ఒక్కో మొక్కకు 400 చదరపు అడుగులు పోతే 108 వస్తుంది. లెక్క ఎలా వచ్చిందో కూడా పేజీలో ఒక వాక్యంగా పెట్టండి. 18 అడుగుల దూరం పెట్టుకునేవారికీ అదే లెక్క పనికొస్తుంది. మీ గొంతులో రాసిన ఆ పేరాలో పంట పేరు ఒక్కసారే ఉంది, యాస చెక్కుచెదరలేదు, అయినా యంత్రం ఎత్తుకోగలిగిన జవాబు దాని మొదటి రెండు వాక్యాల్లోనే ఉంది.

వరుస కూడా అదే పెట్టుకోండి. ఉపశీర్షిక కింద మొదటి రెండు మూడు వాక్యాల్లో జవాబు, ఆ తర్వాత మీ ముచ్చట. జవాబును చివరిదాకా దాచి ఊరించే అలవాటుంటే దాన్ని కథలకు ఉంచుకోండి. ఎనిమిది వందల మాటల వ్యాసానికి మూడు నాలుగు ఉపశీర్షికలు చాలు. ప్రతి పేరా మీదా ఒక ప్రశ్న తగిలిస్తే అది వ్యాసంలా ఉండదు, దరఖాస్తు ఫారంలా ఉంటుంది.

అన్నిటికంటే బరువైనది, ఇంకెక్కడా దొరకని సమాచారం. "బత్తాయిలో సి విటమిన్ ఉంటుంది" అనేది ఏఐకి మీరు చెప్పనక్కరలేదు. రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు, జంబేరి మీద కట్టిన అంటు మీ నేలలో ఎలా నిలబడ్డాయి, బోరు తగ్గిన ఎండాకాలం ఏ వరుసలు ఎండాయి, ఏ నెలలో ఎంత నీరు పెట్టారు? ఇవి మీ దగ్గరే ఉన్నాయి. నెల, కొలత, నేల రకం వేసి రాయండి.

ప్రశ్న: మాది పోచంపల్లిలో చీరల దుకాణం. డీటీపీ వాళ్లతో వివరాలన్నీ చక్కగా టైపు చేయించి సైటులో పెట్టినం. ఏఐని అడిగితే మా దుకాణం సంగతి దానికి అసలు తెల్వనే తెల్వదు. రాత బాగలేకనా?
– భూదాన్ పోచంపల్లి

జవాబు: రాత దాకా పోకముందే ఆగిపోయినట్టుంది. ఫోనులో మీ పేజీ తెరిచి, ఒక వాక్యం మీద వేలు నొక్కి పట్టి, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది.

వాక్యం కాపీయే కాకపోతే అది బొమ్మ. ఫ్లెక్స్ కోసం చేసిన డిజైన్‌నే సైటులో ఎక్కించి ఉంటారు. బొమ్మలోని తెలుగును కొన్ని యంత్రాలు చదవగలిగినా దాన్ని నమ్ముకోవద్దు. చీర పేరు, నూలా పట్టా, పొడవు, ధర, ఉతికే పద్ధతి అన్నీ బొమ్మ కింద అక్షరాలుగా టైపు చేయించండి.

కాపీ అయి, అతికించినచోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది అను ఫాంటు. మన డీటీపీ షాపుల్లో చాలావరకు అదే. అచ్చుకు అందంగా ఉంటుంది, కానీ కంప్యూటర్ లోపల అది తెలుగే కాదు. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా ఏ యంత్రమైనా తెలుగుగా గుర్తించే అక్షరాల్లోకి మార్చాలి. కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒక మనిషి కూర్చుని చదవాలి: ఒత్తులు తారుమారవుతాయి, మధ్యలో ఇంగ్లీషులో ఉన్న ఫోను నంబరు, ఈమెయిల్, ధర గుర్తు వంటివి అర్థంలేని తెలుగుగా మారతాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో చేసి పీడీఎఫ్‌గా పెట్టిన కేటలాగుకూ ఇదే గతి.

తెలుగు సరిగ్గానే వస్తే ఇంకో పరీక్ష చేయాలి. కంప్యూటర్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేసి పేజీ సోర్స్ (పేజీ వెనుక ఉండే కోడు) చూడండి. మీ వాక్యం అందులో వెతికితే దొరకాలి. దొరకకపోతే ఆ రాత జావాస్క్రిప్టు అనే ప్రోగ్రాము నడిచాకే తెర మీదికి వస్తోందని అర్థం. గూగుల్ దాన్ని నడిపి చదువుతుంది, చాట్‌జీపీటీ వంటివాటి క్రాలర్లు (పేజీలు చదివి పోయే ప్రోగ్రాములు) సాధారణంగా నడపవు. సైటు చేసినవారిని రాత నేరుగా పేజీ కోడులోనే (హెచ్‌టీఎంఎల్‌లోనే) వచ్చేలా చేయమనండి.

పనిలో పనిగా, ఏ క్రాలర్ సైటులోకి రావచ్చో ఏది రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు కూడా వాళ్లకు చూపించండి. జీపీటీబాట్ అనేది మోడల్ శిక్షణకు వచ్చేది, ఓఏఐ సెర్చ్‌బాట్ అనేది చాట్‌జీపీటీ సెర్చ్‌కు వచ్చేది. మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వవచ్చు. రెండూ ఒకటే అనుకుని అన్నిటినీ ఆపేసిన సైట్లు చాలా ఉన్నాయి. గూగుల్ తన ఏఐ శిక్షణకు మీ రాతను వాడకుండా ఆపే గుర్తు గూగుల్ ఎక్స్‌టెండెడ్; దాన్ని ఆపినంత మాత్రాన గూగుల్ సెర్చ్‌లో మీ స్థానం మారదు.

ప్రశ్న: నేను పాలమూరు యాసల్నే రాస్త. ఏఐకి సమజ్ కావాల్నంటే పుస్తకాల భాషల రాయాల్నా?
– జడ్చర్ల

జవాబు: అక్కర్లేదు. "పోసిన్రు", "చేస్తున్నం" వంటివి ఇప్పటి మోడళ్లకు బాగానే అర్థమవుతాయి. తడబడేది పేర్ల దగ్గర, కొలతల దగ్గర, ఊళ్ల దగ్గర. ఆ మూడుచోట్ల జాగ్రత్తపడి మిగతాది మీ ఇష్టప్రకారం రాయండి.

పేరు మొదటిసారి వచ్చినప్పుడు రెండో పేరును పక్కన తగిలించండి: "మక్కలు, అంటే మొక్కజొన్న". వంటకమైతే శీర్షికలోనే: "సర్వపిండి, కొన్నిచోట్ల తపాలచెక్క అంటరు". ఒక్కసారి చాలు, ఆ తర్వాత మీ మాటే వాడండి.

సోలెడు, మానెడు అని రాస్తే రుచిగా ఉంటుంది, కానీ సోల ఊరూరికీ మారుతుంది. మీ ఇంటి సోల నిండా బియ్యం పోసి వంటింటి త్రాసు మీద తూచి, గ్రాములు పక్కన వేయండి. పిండీ బియ్యమూ ఒకే బరువు తూగవు గనుక దేన్ని తూచారో కూడా చెప్పాలి. అంకె లేకపోతే ఏఐ తనకు తోచిన అంకె వేసి మీ పేరు మీద చెప్పే ప్రమాదముంది.

ఊళ్ల సంగతి ఇంకా చిక్కు. 2016లో జిల్లాలు విడిపోయాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరయ్యాయి, 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. పాత పేజీలన్నిటిలో ఇవి మహబూబ్‌నగర్ కిందే ఉంటాయి, ఏఐ ఆ పాతదే అప్పజెప్పవచ్చు. మండలం, ఇప్పటి జిల్లా ఒకసారి రాసి, "ఉమ్మడి పాలమూరు" అని జోడిస్తే అన్ని రకాలుగా వెతికేవారికీ దొరుకుతారు. నల్లగొండ, నల్గొండ అనే రెండు రూపాలకూ ఇదే మందు.

ప్రశ్న: వ్యాసాన్ని ఏఐతోనే రాయించి, పైన కొంచెం మన భాష చల్లితే కాదా?
– మిర్యాలగూడ

జవాబు: దానికి ముందే తెలిసినదాన్ని దానికే తిప్పి ఇచ్చినట్టవుతుంది. వేల పేజీల్లో ఉన్న మాటకు మీ పేజీనే ఎందుకు చూపాలి? పైగా అది వేసిన తేదీలు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాలంటే మొదటినుంచీ రాయడమే నయం.

దానితో చేయించదగ్గ పని ఒకటుంది. మీరు రాసిన వ్యాసం అతికించి, "ఈ రాతలో ఉన్నదాన్నిబట్టి మాత్రమే చెప్పు, లేనిది లేదను" అని చెప్పి, కొనేవాళ్లో రైతులో మామూలుగా అడిగే ఐదారు ప్రశ్నలు వేయండి. "లేదు" అన్నచోట మీ వ్యాసంలో సమాచారం కొరవడింది. తప్పు చెప్పినచోట మీ వాక్యం రెండర్థాలుగా ఉంది. ఆ చోట్లు మాత్రమే దిద్దండి, మొత్తం వ్యాసాన్ని "మెరుగుపరచు" అని అప్పగించకండి. యాసంతా తుడిచి పెట్టి ఇస్తుంది.

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎమ్స్ ఫైలు, ఎఫ్‌ఏక్యూ స్కీమా పెడితే ఏఐలో మొదట వస్తామని ఒకరు డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
– దేవరకొండ

జవాబు: ఇవ్వకండి. ఎల్‌ఎల్‌ఎమ్స్ ఫైలంటే సైటులో ఏముందో ఏఐకి చెప్పే జాబితా, స్కీమా అంటే పేజీలో ఇది ప్రశ్న, ఇది ధర అని యంత్రానికి గుర్తుపట్టించే కోడు (మార్కప్). ఏఐ ఓవర్‌వ్యూల (గూగుల్‌లో పైన కనిపించే ఏఐ జవాబుల) కోసం ప్రత్యేక ఫైలు గానీ మార్కప్ గానీ అవసరం లేదని గూగుల్ స్వయంగా చెబుతోంది. పేజీ గూగుల్ జాబితాలోకి ఎక్కి (ఇండెక్స్ అయి), అందులోంచి చిన్న ముక్క (స్నిప్పెట్) చూపడానికి అనుమతి ఉంటే చాలు. ఎఫ్‌ఏక్యూ స్కీమా వల్ల సెర్చ్‌లో ప్రశ్నలు విప్పుకుని కనిపించే సదుపాయాన్ని 2023 ఆగస్టులోనే ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేశారు. దుకాణమైతే చిరునామా, పనివేళలు, ధరలకు మామూలు స్కీమా పెట్టించుకోవచ్చు, అది చిన్న పని.

ప్రశ్న: ఇవన్నీ చేశాక ఫలితం ఉందో లేదో ఎట్ల తెలుస్తది?
– సూర్యాపేట

జవాబు: మీ సైటు గూగుల్‌లో ఎంత కనిపించిందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఏఐ జవాబుల ద్వారా వచ్చిన క్లిక్కులు మామూలు వెబ్ లెక్కలోనే కలిసిపోతాయి. కనిపించిన సంఖ్య పెరిగి క్లిక్కులు తగ్గితే, జనం జవాబు పైననే చదివి వెళ్లిపోతున్నారని అనుమానించవచ్చు. చాట్‌జీపీటీ నుంచి వచ్చేవారు, సైటుకు ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చూపే అనలిటిక్స్‌లో చాలావరకు ఆ పేరుతోనే విడిగా కనిపిస్తారు. చేత్తో పరీక్షించాలంటే ఒకే ప్రశ్నను తెలుగులో, ఇంగ్లీషులో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో అడగండి. జవాబు అడిగిన ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒక్కసారి రాలేదని పేజీ మార్చేయకండి. నెలకోసారి అవే ప్రశ్నలు అడిగి, ఎవరి పేజీని చూపిందో నోటుబుక్కులో రాసుకోండి. మీకు బదులు చూపిన పేజీని తెరిచి, మీ దాంట్లో లేనిది అక్కడ ఏముందో చూడండి. చాలాసార్లు అది ఒక అంకో, ఒక తేదీయో అయి ఉంటుంది.