పాపకు లైటు క్లిప్పు పెట్టవచ్చా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది నెలలు. పాపకు రోజూ వెనక క్లచ్చర్, ముందు రెండు పూసల పిన్నులు పెట్టి బడికి పంపుతాను. మొన్న తిరునాళ్లలో మెరిసే లైటు క్లిప్పు కూడా కొన్నాం. ఇవన్నీ పిల్లలకు ప్రమాదమని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ముందు ఆ లైటు క్లిప్పును ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. అందులో ఉండేది బొత్తం బ్యాటరీ. మూతకు స్క్రూ లేకపోతే పాప గోటితోనే ఊడొస్తుంది. మింగిన బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడికి కరెంటు పారి ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. లైటు వెలగడం మానేసిన బ్యాటరీ కూడా ఈ పని చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే, ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. వాంతి చేయించకండి. అన్నం, అరటిపండు పెట్టకండి. ఏడాది దాటిన బిడ్డయి, మింగి 12 గంటలు కాకపోతే, గుటక వేయగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి 10 మి.లీ. తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దు. బాబుకు మాత్రం తేనె అసలు వద్దు.

పూసల పిన్నులతో భయం పాపకంటే పాకే బాబుకే ఎక్కువ. ఊడి నేలమీద పడ్డ పూస నేరుగా నోట్లోకి పోతుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను 31.7 మి.మీ. వెడల్పు గొట్టంతో పరీక్షిస్తారు. అందులో పూర్తిగా పట్టే ముక్క గొంతుకు అడ్డం పడగలదు. పది రూపాయల నాణెం 27 మి.మీ.యే, అంటే అదీ అందులో పట్టేస్తుంది. బాబుకు దగ్గు, ఏడుపు రాకుండా ఊపిరాడకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, భుజాల మధ్య అరచేతి అడుగుభాగంతో 5 సార్లు చరచండి. ముక్క బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి అడుగుభాగంతో 5 సార్లు నొక్కండి. ఇలా మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది.

పాప వెల్లకిలా పడినా, ఆటో సడన్‌గా ఆగి తల వెనక్కి కొట్టుకున్నా క్లచ్చర్ పళ్లు తలలో దిగుతాయి. బడికి గుడ్డ తొడుగున్న బ్యాండ్లతో రెండు జడలు చాలు, మరీ బిగించకుండా. గాయమైతే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదమండి. క్లచ్చర్ పన్ను తలలో దిగి ఉంటే పీకకండి.

మీరు అడగలేదు గానీ, జడ వేస్తూ రబ్బరు బ్యాండును పిల్లల మణికట్టుకు తగిలించే అలవాటు ఉంటే మానేయండి. మరచిపోతే అది నెమ్మదిగా చర్మాన్ని కోస్తూ లోపలికి దిగుతుంది, పైన చర్మం మూసుకుపోయి కంటికి కనబడదు. మణికట్టు చుట్టూ గీతలా మచ్చ, మానని పుండు, వాపు ఉంటే బ్యాండు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ దశలో ఆపరేషన్ చేసే తీయాలి.